యాపిల్‌కు తోడు చెట్టు: మన వైపు ఏ రకం పక్కన ఏ రకం పెట్టాలి?

ఏటా సంక్రాంతి దాటిన రెండు మూడు వారాలకు నాకు ఒకే తీరు ఫోన్లు మొదలవుతాయి. పరకాల నుంచి, జమ్మికుంట నుంచి, అటు ఆసిఫాబాద్ నుంచి. "అన్నా, చెట్టు నిండ పూత వచ్చింది. చూస్తే కండ్లు నిండినయ్. పది రోజులకు ఒక్క పిందె లేకుండ రాలిపోయింది. ఏం మందు కొట్టాలె?" నేను మందు సంగతి పక్కనపెట్టి ముందు ఒకటే అడుగుతాను: ఎన్ని రకాలు పెట్టారు? "ఒకటే రకం. మంచిదని చెప్తే ముప్పై మొక్కలు అదే తెచ్చిన."

లోపం అక్కడే ఉంది. దానికి ఏ మందూ పనిచేయదు, తోడు చెట్టు కావాలి. అందరికీ ఫోన్‌లో చెప్పిందే మళ్లీ మళ్లీ చెప్పే బదులు, మొదటి నుంచి చివరి దాకా ఒక్కచోట రాస్తున్నాను. మొక్కలు కొనబోతున్నవారు వరుసగా చదవండి. ఇప్పటికే ఒకటే రకం వేసినవారు కూడా పీకేయాల్సిన పని లేదు, ఏడో మెట్టు మీ కోసమే.

ఒక్క జాగ్రత్త ముందే చెప్తాను. మన దగ్గర యాపిల్ పండదని నేను అనను. ఆసిఫాబాద్ జిల్లా కెరమెరి మండలం ధనోరాలో ఒక రైతు హైదరాబాద్‌లోని పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తల తోడ్పాటుతో పండించి 2020లో కాయలు చూపించారు. కానీ ఆదిలాబాద్, ఆసిఫాబాద్ వైపు చలి వేరు, వరంగల్ చలి వేరు. ఇక్కడ ఎకరాలకు ఎకరాలు వేయకండి. ఐదు గుంటలో పది గుంటలో వేసి, రెండు మూడు కాపులు చూసి, తర్వాత పెంచండి.

సిద్ధాంతం రెండు మాటల్లో ముగిస్తాను. ఒకే ఇంటిపేరు, ఒకే గోత్రం అయితే మనం సంబంధం కలుపుకోం. యాపిల్ పువ్వుకూ అదే పట్టింపు. తన పుప్పొడి తన మీద పడ్డా, తన రకమే అయిన పక్క చెట్టు పుప్పొడి పడ్డా గుర్తుపట్టి, అది గింజ దాకా చేరకుండా దారిలోనే ఆపేస్తుంది. అంటు మొక్కలన్నీ ఒకే తల్లి కొమ్మ నుంచి వచ్చినవే కాబట్టి, ఒకే రకం వంద చెట్లు పెట్టినా పువ్వు లెక్కలో అవి ఒక్క చెట్టే. కాబట్టి వేరే రకం పుప్పొడి కావాలి, అది అవే రోజుల్లో దొరకాలి, దాన్ని మోసుకొచ్చే తేనెటీగ ఉండాలి. ఈ మూడింట్లో ఏది తప్పినా కాయ లేదు. మన వైపు ఎక్కువగా తప్పేది రెండోది. రకం పేరు చూసి జత కట్టినవాళ్లు చాలామంది ఉన్నారు, పూత తేదీ చూసి జత కట్టినవాళ్లు తక్కువ.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- చిన్న నోటు పుస్తకం, పెన్ను. దీన్ని తేలికగా తీసుకోకండి, మొత్తం పని దీని మీదే నడుస్తుంది.
- మూడు రంగుల రిబ్బన్లు, చెట్టు మొదలుకు గుర్తు పెట్టడానికి రెండు రంగుల పెయింటు
- దోమతెర గుడ్డతో కుట్టిన చిన్న సంచులు పది
- పదునైన కత్తెర, అంటు కత్తి, అంటు కట్టే ప్లాస్టిక్ టేపు
- చాయ్ జాలి, పాత పేపర్లు, మూత ఉన్న చిన్న సీసా, కొత్త చెప్పుల డబ్బాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లం
- పిల్లలు బొమ్మలకు రంగులేసే సన్నని కుంచె

1. మీ దగ్గర ఉన్నది ఏ రకమో ముందు తేల్చుకోండి

మొక్కలు అమ్మేవాళ్లు కట్టిన ట్యాగును పూర్తిగా నమ్మకండి. నేను హసన్‌పర్తి దాటాక ఉన్న మా పది గుంటల చెల్కలో మొదట 40 మొక్కలు వేశాను. 30 ఒక రకం, 10 తోడు రకం అని చెప్పి ఇచ్చారు, ట్యాగులు కూడా వేర్వేరుగానే ఉన్నాయి. మూడో ఏడు పూత వచ్చింది. అన్నీ ఒకే రోజు విచ్చుకున్నాయి, ఒకే తీరుగా రాలిపోయాయి. నిలిచిన నాలుగైదు కాయలూ ఎర్ర చార పడి పొడుగ్గా ఒకే అచ్చులో పోసినట్టున్నాయి. అంటే 40 మొక్కలూ ఒకే రకం. మూడేళ్లు పోయాయి.

ఇప్పుడైతే కొనేటప్పుడే వీలైనంత వరకు రెండు రకాలను రెండు వేర్వేరు చోట్ల తీసుకుంటాను. రెండు ట్యాగులూ తప్పవడం అరుదు. కొన్న రోజే ఒక రకం మొదలుకు తెల్ల పెయింటు, రెండో రకానికి నీలం పెయింటు ఒక చుట్టు వేయండి. ట్యాగు రెండు వానలకు పోతుంది, పెయింటు నిలుస్తుంది.

కాయ వచ్చాక పోల్చుకోవడం సులువు. రెండో మెట్టులో చెప్పబోయే రకాల్లో, అన్నా అనే రకం కాయ కాస్త పొడుగ్గా ఉంటుంది, ఆకుపచ్చ పసుపు మీద ఎర్ర ఛాయ పడుతుంది. డార్సెట్ గోల్డెన్ కాయ గుండ్రంగా, పసుపు పచ్చగా ఉంటుంది. అంటు కట్టు కింది నుంచి లేచిన పిలకల పూతను లెక్కలోకి తీసుకోకండి. అది రూట్‌స్టాక్ (అంటు కింద ఉన్న వేరు మొక్క) పూత, రకానిది కాదు. ఆ పిలకలను ఎప్పటికప్పుడు తీసేయాలి.

2. రకాలు ఎంచుకోండి

కశ్మీర్, హిమాచల్‌లో పండే రెడ్ డెలీషియస్ లాంటివి మనకు వద్దు. ఏడు డిగ్రీల కన్నా తక్కువ చలి వాటికి దాదాపు వెయ్యి గంటలు కావాలి. వరంగల్‌లో అలాంటి గంటలు దాదాపు రావు. ఆ మొక్క బతుకుతుంది, ఆకు వేస్తుంది, పూత మాత్రం సరిగ్గా ఇవ్వదు. పూయని చెట్టు తోడుగా ఎంత మంచిదైతే మనకేం లాభం? హిమాచల్ పుస్తకాల్లో "రాయల్ రకానికి గోల్డెన్ డెలీషియస్ తోడు, రెడ్ గోల్డ్ తోడు" అని ఉంటుంది. అది అక్కడి చలికి రాసిన మాట, మనకు పనికిరాదు.

మనం చూడాల్సినవి తక్కువ చలి చాలే రకాలు. తేలికగా దొరికేవి మూడు.

అన్నా: ఇజ్రాయెల్‌లో తయారైన రకం. రెండు మూడు వందల చలి గంటలు చాలంటారు. దీనికి తోడు తప్పనిసరి. ఒంటరిగా ఉన్నా చెట్టుకు నాలుగైదు కాయలు నిలుస్తాయి. వాటిని చూసి "తోడు లేకున్నా కాస్తున్నది కదా" అని మోసపోయిన వాళ్లున్నారు.

డార్సెట్ గోల్డెన్: బహామాస్ దీవుల్లో దొరికిన రకం. చలి అవసరం ఇంకా తక్కువ. అన్నాకు తోడుగా చాలా చోట్ల దీన్నే పెడతారు. ఈ రెండింటికీ గోల్డెన్ డెలీషియస్ వైపు చుట్టరికం ఉందని చెప్తారు, అయినా జత బాగా కుదురుతుంది.

హెచ్ఆర్ఎంఎన్-99: హిమాచల్ ప్రదేశ్ బిలాస్‌పూర్ జిల్లా రైతు హరిమన్ శర్మ తయారుచేసిన రకం. ఆయనకు 2025లో పద్మశ్రీ వచ్చింది. వేడి ప్రాంతాల్లో నిలుస్తుందని పేరు, తోడు లేకున్నా కాస్తుందని అమ్మేవాళ్లు చెప్తారు. నా సలహా ఏమిటంటే, ఆ మాట మీద ఆధారపడి ఇదొక్కటే వేయకండి. మూడో రకంగా వేయండి.

ఒక్క తోడు చాలదా అంటే, కొండ ప్రాంతంలో సరిపోవచ్చు. అక్కడ చలి గట్టిగా పడి, ఎండ రాగానే చాలావరకు ఒక్కసారి పూస్తాయి. మన దగ్గర చలి సరిపోదు కాబట్టి పూత ముందూ వెనకా అవుతుంది, ఒక ఏడు కలుస్తుంది, ఒక ఏడు కలవదు. రెండు తోడు రకాలుంటే ఒకటి తప్పినా ఇంకొకటి అందుకుంటుంది.

ఇక పేరు చూసి పొరపడే చెట్లు కొన్ని ఉన్నాయి. మన ఊళ్లలో యాపిల్ బేర్ తోటలు చాలా వచ్చాయి. "పక్కనే యాపిల్ బేర్ ఉంది, అది తోడవుతుందా?" అని అడుగుతారు. కాదు, అది రేగు జాతి. ఇంగ్లిష్‌లో కస్టర్డ్ యాపిల్ అనే సీతాఫలం, వాటర్ యాపిల్ కూడా కావు. బేరి పండు చెట్టు యాపిల్‌కు దగ్గరి చుట్టమే గానీ దాని పుప్పొడి కూడా పనిచేయదు. యాపిల్‌కు యాపిలే కావాలి. కొండ ప్రాంతాల నుంచి మొక్కలు తెప్పించేవారు జోనాగోల్డ్, ముత్సు పేర్లు కనిపిస్తే వదిలేయండి. వాటి పుప్పొడిలో జీవం ఉండదు, తోడుగా దేనికీ పనికిరావు.

3. ఎక్కడ, ఎన్ని పెట్టాలి

తోడు చెట్టు 50 అడుగుల లోపు ఉండాలి. వంద అడుగులు దాటితే ఉన్నా లేనట్టే. తేనెటీగ ఒక సాలు పట్టుకుంటే ఆ సాలు వెంటే పోతుంది, పక్క సాలుకు దూకడం తక్కువ. అందుకే "గట్టు మీద తోడు చెట్లు పెట్టినం" అనే తోటల్లో గట్టు పక్కన కాస్తుంది, నడుమ కాయదు. తోడు చెట్టు సాలు లోపలే ఉండాలి.

చాలా దేశాల్లో వాడే కనీస పద్ధతి ఇది. ప్రతి మూడో సాలులో ప్రతి మూడో చెట్టు తోడు:

అ అ అ
అ డ అ
అ అ అ

"అ" అన్నా, "డ" డార్సెట్. ఇలా వేస్తే ప్రతి అన్నా చెట్టుకూ పక్కనో మూలనో ఒక డార్సెట్ తగులుతుంది. తొమ్మిదింట్లో ఒకటి తోడు.

మన దగ్గర నేను దీంతో సరిపెట్టుకోను. పూత తేదీలు జారే చోట తోడు చెట్లు ఎక్కువ ఉండాలి. ప్రతి సాలులో రెండు అన్నా, ఒక తోడు, మళ్లీ రెండు అన్నా, ఒక తోడు. ఒక సాలులో తోడు డార్సెట్, తర్వాతి సాలులో హెచ్ఆర్ఎంఎన్. తోడు చెట్టు కాయ కూడా అమ్ముడుపోయేదే కాబట్టి నష్టమేమీ లేదు. పది గుంటలలో 12 అడుగులకు 12 అడుగులు వేస్తే సుమారు 75 మొక్కలు పడతాయి. అందులో 50 అన్నా, 25 తోడు. ఇంటి ముందు రెండే చెట్లు పెట్టేవారు రెండు రకాలు పెడితే చాలు.

నీళ్లు నిలిచే నల్లరేగడిలో పెట్టకండి, ఎర్ర చెల్క మేలు.

4. పూత పుస్తకం రాయండి

మొదటి పూత వచ్చిన ఏడు కాయ గురించి ఆలోచించకండి, తేదీలు రాయండి. ప్రతి రకంలో మూడు చెట్లు గుర్తు పెట్టుకుని, చెట్టుకు నాలుగు విషయాలు రాయాలి: మొగ్గ పగిలిన రోజు, మొదటి పువ్వు విచ్చిన రోజు, సగం పూలు విచ్చిన రోజు, రేకులు రాలడం మొదలైన రోజు.

పువ్వును ఒక్కసారి దగ్గరగా చూడండి. గుత్తికి ఐదారు పూలుంటాయి, నడిమి పువ్వు ముందు విచ్చుకుంటుంది. మంచి కాయ సాధారణంగా దాని నుంచే వస్తుంది. పువ్వు మధ్యలో ఐదు సన్నని కాడలు, వాటి చుట్టూ ఇరవై దాకా పుప్పొడి తిత్తులు ఉంటాయి. తిత్తులు పసుపుగా పొడి రాలుస్తుంటే ఆ పువ్వు ఇవ్వగలదు. గోధుమ రంగుకు మారి ముడుచుకుంటే అయిపోయింది. మధ్య కాడల కొసలు తడి తడిగా మెరుస్తుంటే పువ్వు తీసుకోగలదు, నల్లబడి ఎండితే సమయం దాటింది. చల్లగా ఉంటే ఈ అవకాశం మూడు నాలుగు రోజులు ఉంటుంది, ఫిబ్రవరి ఎండ ముదిరితే ఇంకా తగ్గుతుంది.

ఇప్పుడు లెక్క: ఒక రకం సగం పూసిన రోజు నుంచి రేకులు రాలే దాకా ఒక గీత, రెండో రకానికి ఒక గీత గీయండి. రెండు గీతలు కనీసం ఐదారు రోజులు ఒకదాని మీద ఒకటి పడాలి. ఒకటి రెండు రోజులే కలిస్తే మీ జత పుస్తకంలో సరైనదే, మీ చెల్కలో మాత్రం కాదు.

నేను తోడు మొక్కలు కొత్తగా తెచ్చి వేశాక మొదటి పూతకు రాసుకున్నది: డార్సెట్ మొదటి పువ్వు జనవరి 9, అన్నా మొదటి పువ్వు జనవరి 22. పదమూడు రోజుల తేడా. అన్నా విరగబూసే నాటికి డార్సెట్ రేకులు నేల మీద ఉన్నాయి. చలి తక్కువ చాలే రకం ముందు మేల్కొంటుంది, అంతే.

5. ఆకు తీసి పూత తేదీలు కలపండి

ఇది ఈ మొత్తం పనికి ప్రాణం. నర్సరీలో రకం ఎంచుకోవడంతో సగం పనే అవుతుంది. మిగతా సగం ప్రతి డిసెంబరులో మీరు చేయాలి.

కొండల్లో చలికి ఆకు తానే రాలుతుంది. మన దగ్గర రాలదు, పచ్చగానే వేలాడుతుంది. ఇండోనేషియాలోని జావా దీవిలో, మలంగ్ పక్కన బాటు అనే ఊరి చుట్టూ చలి లేకుండానే యాపిల్ తోటలున్నాయి. అక్కడి రైతులు కాపు తర్వాత చెట్టు ఆకంతా చేత్తో దూసేసి చెట్టును మళ్లీ పూతకు తెస్తారు. మనం కూడా ఆకు తీయాలి, కాకపోతే కత్తెరతో.

డిసెంబరు మొదటి వారానికి రెండు మూడు వారాల ముందు నుంచి నీళ్లు తగ్గించండి. చెల్క అయితే రెండు వారాలు చాలు, నేల బరువైతే మూడు. చెట్టు వాడి ముడుచుకునే దాకా మాత్రం పోవద్దు. తర్వాత ఆకు తీయండి. గుప్పిట్లో పట్టి జర్రున లాగితే ఆకు మొదట్లో ఉన్న మొగ్గ కూడా ఊడిపోతుంది. వచ్చే పూత ఆ మొగ్గలోదే. కత్తెరతో ఆకు కాడ కాస్త మిగిల్చి కోయండి, మిగిలిన కాడ తానే రాలిపోతుంది. కూలీలను పెడితే మొదటి రెండు చెట్లు మీరు కోసి చూపించి, వాళ్లతో ఒక చెట్టు కోయించి చూసి, అప్పుడు వదిలేయండి. ఆకు తీయడం పూర్తయిన రెండు మూడు రోజులకు డ్రిప్పు మళ్లీ పెట్టండి.

ఇక తేదీలు. మీ పూత పుస్తకంలో ఏ రకం ఎన్ని రోజులు ముందు పూసిందో, దాని ఆకు దాదాపు అన్ని రోజులు ఆలస్యంగా తీయాలి. నేను మరుసటి ఏడు అన్నా ఆకు డిసెంబరు 3న, డార్సెట్ ఆకు డిసెంబరు 13న తీశాను. తేడా పదమూడు రోజుల నుంచి నాలుగు రోజులకు దిగింది. ఆ ఏడు కాయ నిలిచింది.

ఇంకో ఉపాయం: తోడు చెట్లన్నిటి ఆకూ ఒకే రోజు తీయకండి. సగం చెట్లకు ఒక రోజు, మిగతా సగానికి వారం తర్వాత తీయండి. తోడు పూత రెండు విడతలుగా సాగుతుంది, అన్నా పూత ఎటు జరిగినా ఏదో ఒక విడత అందుతుంది.

ఇక్కడ హెచ్చరిక. మొగ్గలు పగలడానికి హైడ్రోజన్ సైనమైడ్ కొట్టమని కొందరు చెప్తారు. అది మనిషికి చాలా విషం, ఒంటికి తగిలినా, పీల్చినా ప్రమాదం. పైగా, కొట్టిన రోజుల్లో మద్యం ముడితే ప్రాణం మీదికి వస్తుంది. ఐదు పది గుంటల తోటకు దాని అవసరం లేదు, కత్తెర చాలు.

6. తేనెటీగకు దారి ఇవ్వండి

యాపిల్ పుప్పొడి జిగటగా ఉంటుంది, గాలికి పోదు. తేనెటీగే మోయాలి. వరంగల్ చుట్టూ అసలు చిక్కు ఏమిటంటే, మన పూత రోజులూ మిర్చికి తామర పురుగు మందులు జోరుగా కొట్టే రోజులూ ఒకటే. పక్క చేను మిర్చి అయితే ముందుగానే ఆ రైతు దగ్గరికి వెళ్లి మాట్లాడండి. "బాపూ, ఒక పన్నెండు రోజులు మందు పొద్దుగూకినంక కొట్టుండ్రి, మా చెట్టు పూత మీదున్నది" అని అడిగితే కాదనేవాళ్లు తక్కువ. నేను అడిగిన పెద్దమనిషి సాయంత్రానికి మార్చుకోవడమే కాదు, కొట్టే రోజు ఫోన్ చేసి చెప్తాడు. మీ చెట్ల మీద మాత్రం పూత ఉన్నన్ని రోజులు ఏ మందూ వద్దు.

మన దేశీ తేనెటీగల పెట్టెలు పది గుంటలకు ఒకటి, అర ఎకరానికి రెండు ఉంటే మంచిది. పూత పది శాతం విచ్చాక తీసుకురండి. ముందే తెస్తే అవి పక్కన మామిడి పూతకో ఆవాలకో అలవాటుపడి మీ చెట్టును చూడవు. పొద్దున తొమ్మిది నుంచి పదకొండు మధ్య ఒక చెట్టు కింద ఐదు నిమిషాలు నిలబడి చూడండి. ఒక్క ఈగ కూడా రాకపోతే పెట్టె తేవాలి, లేదా చేత్తో చేసుకోవాలి.

చేత్తో చేయడం కష్టమేమీ కాదు. తోడు చెట్టు మీద విచ్చుకోబోయే మొగ్గలు, ఉబ్బి గులాబీ రంగులో గుండ్రంగా ఉన్నవి, ఒక గిన్నెడు కోయండి. చాయ్ జాలి మీద వేసి మెల్లగా రుద్దితే పుప్పొడి తిత్తులు కింద పేపరు మీద పడతాయి. ఫ్యాను ఆపి, నీడలో, గది లోపల రాత్రంతా ఆరబెట్టండి. ఎండలో పెడితే చచ్చిపోతుంది. తెల్లారేసరికి తిత్తులు పగిలి పసుపు పొడి దిగుతుంది. సీసాలో పోసి, సిలికా జెల్ పొట్లం వేసి, మూత బిగించి ఫ్రిజ్‌లో పెడితే కొన్ని రోజులు ఆగుతుంది. డార్సెట్ ముందు పూసి అన్నా ఆలస్యమైన ఏడు ఈ సీసానే కాపాడుతుంది. అన్నా విచ్చిన రోజు పొద్దున మంచు ఆరాక, కుంచెతో గుత్తికి రెండు పూలకు, నడిమి పువ్వు తప్పకుండా, ఐదు కాడల కొసలకూ తగిలేలా అద్దండి.

7. ఇప్పటికే ఒకటే రకం వేసినవారు

డిసెంబరు చివర, చెట్టు ఆకు లేకుండా ఉన్నప్పుడు, ప్రతి మూడో చెట్టుకు ఎండ తగిలే వైపు ఒకటి రెండు కొమ్మల మీద తోడు రకం అంటు కట్టండి. పెన్సిల్ మందం ఉన్న, ఆరోగ్యమైన, పోయిన ఏడు పెరిగిన కొమ్మను తోడు రకం ఉన్న రైతు దగ్గర అడిగి తెచ్చుకోండి. తడి గుడ్డలో చుట్టి ప్లాస్టిక్ సంచిలో తేవాలి. అంటు కట్టడం రాకుంటే మామిడి అంట్లు కట్టే మనిషిని పిలవండి, చేయి ఒకటే.

అంటు పట్టిన కొమ్మకు ఎర్ర రిబ్బను కట్టి, ఏటా మార్చండి. ఎందుకంటే రెండేళ్లు పెంచిన తోడు కొమ్మను మూడో ఏడు కత్తిరింపుల్లో కూలీ మనిషి తెలియక నరికేయడం నేను కళ్లారా చూశాను. ఆయన తప్పు కాదు, గుర్తు లేదు.

అంటు పూతకు వచ్చే దాకా ఏం చేయాలి? హిమాచల్ తోటల్లో చేసే పని ఒకటి ఉంది. తోడు రకం పూల కొమ్మలు కోసి, నీళ్లు నింపిన బకెట్లలో పెట్టి, చెట్ల నడుమ కొమ్మలకు వేలాడదీస్తారు. సగం మొగ్గలు, సగం పూలు ఉన్న కొమ్మలైతే ఎక్కువ రోజులు పనిచేస్తాయి. నీళ్లు రోజూ మార్చాలి, మన ఎండకు బకెట్ నీడలో ఉండాలి.

8. మూడు రిబ్బన్ల పరీక్ష

కాయ నిలవనప్పుడు కారణం ఊహించకండి, చెట్టునే అడగండి. మొగ్గ విచ్చకముందే ఒక చెట్టు మీద మూడు కొమ్మలు ఎంచుకోండి, ఒక్కో దాని మీద ఇరవై గుత్తుల దాకా ఉండాలి.

ఎర్ర రిబ్బను కొమ్మకు దోమతెర సంచి కట్టి వదిలేయండి. తెల్ల రిబ్బను కొమ్మకు కూడా సంచి కట్టి, పూలు విచ్చినప్పుడు తీసి, తోడు పుప్పొడి అద్ది, మళ్లీ కట్టండి. పచ్చ రిబ్బను కొమ్మను ఊరికే వదలండి, తేనెటీగలు చూసుకుంటాయి. రేకులు రాలగానే సంచులు తీసేయండి. మూడు వారాలకు ఒకసారి, ఆరు వారాలకు ఒకసారి పిందెలు లెక్కపెట్టండి.

తెల్ల కొమ్మ కాసి పచ్చ కొమ్మ కాయకపోతే, మీ జత మంచిదే. ఈగలు రాలేదు, లేదా పూత తేదీలు కలవలేదు. ఐదో, ఆరో మెట్టు మళ్లీ చూడండి. తెల్ల కొమ్మ కూడా కాయకపోతే, జత కుదరలేదు, లేదా పుప్పొడి చచ్చింది, లేదా చెట్టుకు నీళ్లు, బలం చాలలేదు. ఇంకో తోడు రకం పుప్పొడితో మరో కొమ్మ మీద ప్రయత్నిస్తే తేలిపోతుంది. ఎర్ర కొమ్మ కూడా బాగా కాస్తే, ఆ రకం తోడు లేకుండానే కాస్తున్నది. హెచ్ఆర్ఎంఎన్ గురించి విన్న మాట మీ నేలలో నిజమో కాదో ఇలాగే తెలుస్తుంది. తెల్ల, పచ్చ కొమ్మలు సమానంగా కాస్తే మీరు చేయాల్సింది ఏమీ లేదు.

లెక్కలో భయపడకండి. వంద పూలు పూస్తే వంద కాయలు కావు. బాగా పూసిన చెట్టుకు వందలో ఐదు నుంచి పది నిలిస్తే నిండు కాపు. మొదటి మూడు వారాల్లో రాలేది ఎక్కువగా పుప్పొడి అందనివి. ఆ తర్వాత గోలీ అంత అయ్యాక రాలితే నీళ్లు, ఎండ, చెట్టు బరువు చూసుకోండి, తోడు చెట్టును అనుమానించకండి.

కాయ కోసి చూడండి

రాలిన పిందెలనూ, పండిన కాయలనూ అడ్డంగా, నడుముకు సరిగ్గా కోయండి. లోపల ఐదు రేకుల నక్షత్రం కనిపిస్తుంది. ఒక్కో గదిలో రెండేసి, మొత్తం పది గింజల దాకా పడతాయి. ఏడుకు పైగా నిండు గింజలుంటే పుప్పొడి బాగా అందినట్టు. మూడు నాలుగుకు మించి లేకపోతే అంతంతమాత్రం. గింజలు లేని వైపు కాయ పెరగదు, అందుకే ఒక పక్క లొట్టపోయి వంకరగా ఉంటుంది. వంకర కాయను చూసి పురుగు అనుకుని మందు కొట్టేవారు ఎక్కువ. ముందు కోసి గింజ లెక్కపెట్టండి.

ఒక్క కాయతో తేల్చకండి. తోడు చెట్టుకు దగ్గరగా ఉన్న చెట్ల నుంచి పది, దూరంగా ఉన్న వాటి నుంచి పది కోసి రెండు కుప్పలు పెట్టండి. దగ్గరి కుప్పలో గింజలు ఎక్కువ, దూరం కుప్పలో తక్కువ వస్తే, ఆ దూరంలో ఒక తోడు చెట్టో, ఒక అంటు కొమ్మో పెట్టాల్సిన చోటు మీకు దొరికినట్టే. రెండు కుప్పల్లోనూ తక్కువైతే లోపం తేదీల్లో ఉంది. పూత పుస్తకం తీసి, ఈ డిసెంబరుకు ఆకు తీసే రోజులు ఇప్పుడే రాసిపెట్టుకోండి. కాయ చేతిలో ఉన్నప్పుడు గుర్తున్నది, ఆరు నెలల తర్వాత గుర్తుండదు.